ఓరన్న పెట్టె

సోమవారం పొద్దున పదిన్నరకు హనుమండ్లు గొంతు రెండేళ్ళ తర్వాత మళ్ళీ వినిపించింది. వినిపించింది వేరేవాడి పేరుతో.

మందమర్రి మార్కెట్ రోడ్డులో జమునకు చిన్న రిపేరు షాపు ఉంది. టీవీలు, మిక్సీలు, సెల్‌ఫోన్లు ఏవైనా బాగుచేస్తుంది. ఆ పొద్దున వనజ టీచరు వచ్చి ఫోన్ స్పీకరు పాడైందని ఇచ్చిపోయింది. జమున కొత్త స్పీకరు వేసి, పరీక్షించడానికి తెర మీద కనబడిన మొదటి వీడియో నొక్కింది. నల్లటి ఆకాశం, బూడిద రంగు నేల. లైటున్న హెల్మెట్ పెట్టుకున్న ఒక తెల్లమనిషి సొరంగంలోకి దిగుతున్నాడు. వెనకనుంచి ఒక గొంతు తాపీగా చెబుతోంది.

"సూడుండ్రి తమ్మీ. పైకప్పుకు సపోర్టు లేదు. అయినా పోతుండు. వీడు ఇంకో పది నిమిషాలల్ల పోతడు, రాసుకోండ్రి."

జమున చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. అది ఆమె బాపు హనుమండ్లు గొంతు.

వీడియో చివర తెల్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషి కనబడ్డాడు. పేరు వంశీధర్‌రావు. ఒకప్పుడు కరీంనగర్‌లో కేబుల్ టీవీ నడిపాడు. ఇప్పుడు ఫంక్షన్ హాలు యజమాని. ముప్పయ్యేళ్ళ కింద ఆ ఇంగ్లిషు సినిమాలకు మన మాటల్లో వ్యాఖ్యానం చెప్పిన గొంతు తనదేనని ఆయన చెప్పుకొచ్చాడు. హైదరాబాద్ కంపెనీ ఒకటి ఆ ఐదు సినిమాలను శుభ్రం చేసి, కొత్త డిస్కుల పెట్టెగా తెస్తోందట. అందులో ఆ వ్యాఖ్యానం కూడా ఉంటుందట. పెట్టె మీద తన పేరు అచ్చవుతుందట. శుక్రవారం పదకొండు గంటలకు తన హాల్లోనే సంతకాలట.

జమున షట్టర్ దించి ఇంటికి నడిచింది.

హనుమండ్లు బొగ్గు బాయిలో, అంటే గనిలో, ముప్పయ్యారేళ్ళు పనిచేశాడు. అందులో ఇరవై రెండేళ్ళు రెస్క్యూ టీములో. ప్రమాదం జరిగి అందరూ బాయి నుంచి బయటికి ఉరుకుతుంటే లోపలికి ఉరికేవాళ్ళు వాళ్ళు. రెండేళ్ళ కింద ఆయన గొంతుకు క్యాన్సరు వచ్చింది. డాక్టర్లు మనిషిని దక్కించారు, గొంతును తీసేశారు. అప్పటినుంచి ఆ ఇంట్లో మాటలు స్టీలు గ్లాసు మీద చెంచాతో నడుస్తున్నాయి. బాయిలోకి మనుషుల్ని దించే లిఫ్టుకు గంట సైగలుంటాయి. ఒకసారి కొడితే ఆపు. రెండుసార్లు కొడితే దించు, పోనీ. మూడుసార్లు కొడితే మనుషులెక్కుతున్నారు, జాగ్రత్త. ఆ మూడింటితో హనుమండ్లు ఇల్లంతా నడుపుతాడు. అందులో పట్టనిది పలక మీద రాస్తాడు. రాయడం ఆయనకు పెద్దగా ఇష్టం ఉండదు.

జమున ఫోన్ ఆయన ముందు పెట్టింది. ఆయన చివరిదాకా కదలకుండా విన్నాడు. గ్లాసు మీద ఒక్కటి కొట్టాడు. జమున వీడియో ఆపింది. ఆయన మళ్ళీ ఒక్కటి కొట్టాడు.

"ఆపిన గద బాపు."

జమున తల్లి అనసూర్య వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది.

"వీడియోను కాదే, గాన్ని ఆపుమంటుండు," అంది.

కంపెనీ నంబరు దొరకడానికి అరగంట పట్టింది. అవతల ఫోన్ ఎత్తినామె పేరు మధులిక. ఆ పెట్టె పనంతా ఆమెదే. జమున చెప్పిందంతా మర్యాదగా విన్నది. వంశీధర్‌రావు దగ్గర పాత కాపీలున్నాయనీ, ఫోన్‌లోనే నాలుగు ముక్కలు అదే ధాటిలో చెప్పి వినిపించాడనీ అన్నది. మీ నాన్నగారు కూడా ఒక్క ముక్క చెప్పగలరా అని అడిగింది. జమున ఆపరేషన్ సంగతి చెప్పింది. తర్వాత మధులిక, అసలు క్యాసెట్లు ఉంటే శుక్రవారం పదకొండు లోపు తెమ్మని, సంతకాలయ్యాక తన చేతిలో ఏమీ ఉండదని చెప్పింది.

"తెస్త మేడం," అంది జమున.

ఆ క్యాసెట్లు ఇంట్లో లేవు. అవి చూసి జమునకు ఇరవై ఆరేళ్ళయింది.

*

ఆ పెట్టె మందమర్రికి రావడమే ఒక పొరపాటు.

తొంభై అయిదులో రెస్క్యూ పోటీలకు హనుమండ్లు జట్టు నాగ్‌పూర్ వెళ్ళింది. అక్కడి బజారులో ఆయన కళ్ళు ఒక నల్లటి అట్టపెట్టె మీద పడ్డాయి. దాని మీద హెల్మెట్, హెల్మెట్ మీద లైటు, వెనక సొరంగం, కూలిన కప్పు కింద ఒక చెయ్యి. లోపల ఐదు వీడియో క్యాసెట్లు. ఆయనకు ఇంగ్లిషు రాదు. షాపువాడు మైనింగ్ పిక్చర్ అన్నాడు. బాయిలో ప్రతి ఏడూ భద్రతా వారోత్సవం జరుపుతారు. కార్మికులకు ఏదో ఒక సేఫ్టీ ఫిల్ము చూపించాలి. ఏటా అదే పాత ఫిల్ము వేస్తుంటే జనం పడుకుంటున్నారు. హనుమండ్లు సంబరంగా పెట్టె కొన్నాడు.

కాలనీ క్లబ్బులో మూడొందల మంది కూర్చున్నారు. ముందు వరసలో మేనేజర్. తెర మీద హెల్మెట్ మనిషి కనబడ్డాడు. అందరూ సర్దుకొని కూర్చున్నారు. మూడో నిమిషంలో ఆ మనిషి రాకెట్టు ఎక్కాడు. ఐదో నిమిషంలో ఓరాన్ అనే చందమామ మీద దిగాడు. అది ఆకాశంలో ఎక్కడో ఉన్న గని కథ. మేనేజర్ తల తిప్పి హనుమండ్లు వైపు చూశాడు.

వేరేవాడైతే టీవీ ఆపి తప్పయిందనేవాడు. హనుమండ్లు మైకు అందుకున్నాడు. ఆ చందమామ మీద గని ఉందనీ, అక్కడా కప్పు కూలుతుందనీ, అక్కడా గ్యాసు వస్తుందనీ, వాళ్ళు చేసే తప్పులు చూసి మనం నేర్చుకోవాలనీ మొదలుపెట్టాడు. సపోర్టు లేని కప్పు కింద నిలబడ్డవాణ్ణి చూపించి, వీడు పది నిమిషాల్లో పోతాడన్నాడు. సరిగ్గా పది నిమిషాలకు వాడు పోయాడు. క్లబ్బు పైకప్పు ఎగిరిపోయేలా జనం అరిచారు. ఆ ఏడు భద్రతా వారోత్సవంలో ఒక్కడు కూడా పడుకోలేదు.

జనం నోట ఓరాన్ ఓరన్న అయ్యాడు. ఓరన్న బొమ్మ మళ్ళీ ఎప్పుడు అని మిగతా బాయిలవాళ్ళు కూడా అడగసాగారు. ప్రతిసారీ హనుమండ్లు వెళ్ళి చెప్పడం కుదరదు. అప్పుడు వీడియో షాపు కైలాసం ఒక ఉపాయం చెప్పాడు. అతని దగ్గర దుబాయి నుంచి తెప్పించిన ప్లేయరుంది. బొమ్మ చెదరకుండా దాని పక్కన కొత్త గొంతు ఎక్కించొచ్చు. కొన్న క్యాసెట్ల మీద రికార్డు చేయడానికి ఉండదు. చేయాలంటే వాటి అంచున ఉండే గుంటను మూసేయాలి. హనుమండ్లు ఫస్టెయిడ్ డబ్బాలోంచి తెల్ల ప్లాస్టరు చింపి ఐదింటికీ అంటించాడు. ఆ వారం ఆయనకు నైట్ షిఫ్టు. పగలు నిద్ర లేచి, అన్నం తిని, రోజుకొకటి చొప్పున ఐదు రోజుల్లో ఐదు సినిమాలు చెప్పేశాడు.

కైలాసం వాటినుంచి కాపీలు తీసి బాయిలకు పంచాడు. ఒకటి ఎవరి సంచిలోనో కరీంనగర్ చేరింది. అసలు పెట్టె మాత్రం కైలాసం షాపులోనే ఉండిపోయింది. ఐదేళ్ళకు షాపు మూతపడింది. కైలాసం భార్య లీలాబాయిది ఆదిలాబాద్. అతను అక్కడ జిన్నింగ్ మిల్లులో మెకానిక్‌గా చేరాడు. మూడేళ్ళ కింద పోయాడు. స్క్రూడ్రైవర్ పట్టడం జమునకు నేర్పింది అతనే.

*

మంగళవారం మధ్యాహ్నానికి జమున ఆదిలాబాద్‌లో దిగింది. మిల్లు ముందు పత్తి బండ్లు, ట్రాక్టర్లు అర కిలోమీటరు వరసకట్టి ఉన్నాయి. గాలిలో దూది తేలుతోంది. మిల్లు వెనక రేకుల ఇంటి తలుపు సగం తెరిచి, లీలాబాయి ఆమెను పైనుంచి కిందికి చూసింది.

జమున తనెవరో చెప్పింది. పెట్టె కోసం వచ్చానంది. లీలాబాయి తలుపు ఇంకాస్త మూసింది.

"మొన్న ఒకడు వచ్చిండు. గింత పెద్ద తెల్ల కారు. హనుమండ్లు పంపిండు, పెట్టె ఇయ్యి అన్నడు. నువ్వు గూడ గదే అంటున్నవ్. మా ఇంటాయన పోయేముంగట ఒక్కటి చెప్పి పోయిండు తాయీ. మనుషులు లిఫ్టు ఎక్కేటప్పుడు బాయిల ఎన్ని గంటలు కొడతరో అడుగు, చెప్పినోళ్ళకే ఇయ్యి అన్నడు. ఎన్ని?"

జమున నోరు విప్పలేదు. తలుపు చెక్క మీద వేలు మడిచి మూడుసార్లు కొట్టింది.

లీలాబాయి తలుపు పూర్తిగా తీసింది.

"గా కారాయన ఒకటన్నడు. వద్దన్నంక పది అన్నడు. సంతల బేరం అనుకున్నట్టుండు," అని ఆమె లోపలికి పిలిచింది.

టీ అయ్యేలోపు జమున ఒక సంగతి ఆలోచించింది. తెల్ల కారు ఎవరిదో అడగాల్సిన పనిలేదు. గొంతు నిజంగా తనదే అయినవాడు అసలు క్యాసెట్ల కోసం అబద్ధమాడి ఆదిలాబాద్ దాకా మనిషిని పంపడు. వంశీధర్‌రావు భయపడుతున్నాడు. అంటే క్యాసెట్లలో భయపడాల్సింది ఉండే ఉంటుంది. అదేమిటో ఆయనకూ తెలియదు, తనకూ తెలియదు. ముందు తెలుసుకున్నవాళ్ళదే గెలుపు.

లీలాబాయి ట్రంకు పెట్టె తెరిచింది. లోపల దూది, దూది మధ్య వేపాకు, వేపాకు మధ్య నల్లటి అట్టపెట్టె. ఇరవై ఆరేళ్ళయినా ఒక మూల కూడా నలగలేదు. ఐదు క్యాసెట్లు. ఐదింటి అంచునా పసుపు పచ్చబడ్డ తెల్ల ప్లాస్టరు.

*

బుధవారం పొద్దున షాపులో జమున మొదటి క్యాసెట్ ప్లేయరులో పెట్టింది. పాత పెళ్ళి క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే పనులు ఆమెకు వారానికి నాలుగైనా వస్తాయి. అందుకని మంచి ప్లేయరు ఉంచుకుంది. పక్కన కుర్చీలో హనుమండ్లు, చేతిలో గ్లాసు, చెంచా. వెనక అనసూర్య.

బొమ్మ అద్దంలా వచ్చింది. హెల్మెట్ మనిషి సొరంగంలోకి దిగాడు. ఇంగ్లిషులో ఏదో అన్నాడు. ఇంకోడు ఇంగ్లిషులో జవాబిచ్చాడు. జమున రెండో క్యాసెట్ పెట్టింది. ఇంగ్లిషు. మూడోది. ఇంగ్లిషు. ఐదో క్యాసెట్ దాకా ఒక్క తెలుగు ముక్క లేదు.

అనసూర్య కొంగుతో ముఖం తుడుచుకుంది. కైలాసం గొంతు చెరిపేశాడేమో, లేక కాలమే చెరిపేసిందేమో అంది. జమున ప్లేయరు ఆపబోయింది.

హనుమండ్లు గ్లాసు మీద రెండు కొట్టాడు. పోనీ. ఆగకు.

జమున ప్లేయరు ముందుకు వంగి ఆలోచించింది. వీడియో టేపులో శబ్దానికి రెండు దారులుంటాయి. ఒకటి టేపు అంచున సన్నగా పోతుంది. రెండోది బొమ్మతో కలిసి లోపల పోతుంది. పెళ్ళి క్యాసెట్లలో అంచు దారి ఒక్కటే ఉంటుంది. కాబట్టి ఇన్నేళ్ళలో ఆమెకు ఇంకోదాని అవసరమే రాలేదు. కంపెనీ క్యాసెట్లలో రెండూ ఉంటాయి. రెండూ ఉంటే ప్లేయరు తనంతట తాను లోపలిదాన్నే ఎంచుకుంటుంది. బొమ్మ చెదరకుండా గొంతు ఎక్కించాలంటే కైలాసం అంచు దారి మీదే ఎక్కించి ఉండాలి. లోపలి ఇంగ్లిషును అతను తాకనే లేడు.

ప్లేయరు మూల ఒక చిన్న స్విచ్చుంది. దాని మీద దుమ్ము గట్టిపడి ఉంది. జమున గోరుతో దాన్ని పక్కకు జరిపింది.

"…గాలి సూసుకోకుండ దిగిండు. దీపం ఆరితె ఎనుకకు రావాలె. రాకపోతె పెండ్లాం పిల్లలు రావాలె, ఆని కోసం."

అనసూర్య గోడ పట్టుకొని కింద కూర్చుంది. రెండేళ్ళుగా ఆ ఇంట్లో లేని గొంతు షాపంతా నిండింది. రోడ్డు మీద పోతున్న ఇద్దరు ముసలివాళ్ళు ఆగి లోపలికి తొంగి చూశారు. హనుమండ్లు మాత్రం వేరేవాళ్ళ పని తనిఖీ చేస్తున్నవాడిలా తలూపుతూ విన్నాడు.

ఇది సంతోషమే గాని సాక్ష్యం కాదని జమునకు తెలుసు. ఈ పెట్టె నా ఆఫీసుకే తెచ్చిచ్చారు, నేనే చెప్పాను అని వంశీధర్‌రావు అనగలడు. ఆయనకు గొంతుంది, బాపుకు లేదు. జనం గొంతున్నవాణ్ణే నమ్ముతారు. ఇంకేదో కావాలి. ఆమె మొదటి సినిమా మొత్తం వినడం మొదలుపెట్టింది.

యాభై ఎనిమిదో నిమిషంలో దొరికింది.

తెర మీద ఓరాన్ గనిలో ఒకడు ఒంటరిగా నడుస్తున్నాడు. వెనకనుంచి సన్నగా సైరన్ వినిపించింది. వాక్యం మధ్యలో హనుమండ్లు గొంతు ఆగిపోయింది. సైరన్ సాగింది. గొంతు లేదు. సైరన్ ఆగింది. గొంతు వదిలిన దగ్గర అందుకొని మళ్ళీ మొదలైంది. జమున లెక్కపెట్టింది. ఏడు సెకన్లు.

ఆమె వెనక్కి తిప్పి, స్విచ్చు మార్చి, అదే చోటు ఇంగ్లిషులో విన్నది. అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"బాపు, ఈడెందుకు ఆగినవ్?"

హనుమండ్లు ఆమె వంక వింతగా చూశాడు. ఇది కూడా తెలియదా అన్నట్టు. పలక తీసుకొని మూడు మాటలు రాశాడు. జమున చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత మిగిలిన నాలుగు క్యాసెట్లూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టింది. సాయంత్రానికి ఒక అట్ట ముక్క మీద ఐదు అంకెలు రాసింది. 58, 60, 47, 59, 61.

మూడో సినిమా చెప్పిన రోజు నలభై ఏడేమిటని తల్లినడిగింది. అనసూర్యకు ఆలోచించే అవసరం కూడా రాలేదు. ఆ రోజు రేషన్ షాపులో వరస పెద్దగా ఉండి అన్నం ఆలస్యం చేశానని, అందుకాయన ముప్పయ్యేళ్ళుగా తనను దెప్పుతూనే ఉన్నాడని చెప్పింది.

*

శుక్రవారం పదిన్నరకు కరీంనగర్ ఫంక్షన్ హాలు నిండుగా ఉంది. పాత కేబుల్ ఆపరేటర్లు, పత్రికలవాళ్ళు, బంధువులు. వేదిక మీద పెద్ద తెర. వంశీధర్‌రావు మెడలో అప్పటికే ఒక పూలదండ. గేటు దగ్గర యూనిఫాం వేసుకున్న ముసలి వాచ్‌మన్ జమున చేతిలోని బరువైన మూట చూసి ఏమిటని అడిగాడు. ప్లేయరంది. హనుమండ్లు చేతిలోని గ్లాసును చూసి పక్కకు జరిగి దారిచ్చాడు.

మధులిక ముప్పయ్యేళ్ళ మనిషి. పెట్టెను రెండు చేతులతో అందుకొని ప్లాస్టర్లను చాలాసేపు చూసింది. వేదిక మీదికి తీసుకెళ్ళి, మందమర్రి నుంచి ఇంకొకరు ఈ గొంతు తమదంటున్నారనీ, సంతకాలకు ముందు వాళ్ళ మాట వినాల్సిన బాధ్యత తనకుందనీ మైకులో చెప్పింది.

వంశీధర్‌రావు తడబడలేదు. హనుమండ్లుకు నమస్కారం పెట్టాడు. ఈయన తనకు తెలిసిన మనిషేననీ, ఈ పెట్టెను కరీంనగర్ బస్టాండు ఎదురుగా ఉన్న తన కేబుల్ ఆఫీసుకు ఈయనే తెచ్చిచ్చాడనీ, అక్కడే కూర్చొని ఐదు సినిమాలూ తాను చెప్పాననీ అన్నాడు. చప్పట్లు పడ్డాయి. అది మంచి గొంతే. గంభీరంగా ఉంటుంది.

జమున ప్లేయరును తెరకు కలిపింది. మొదటి క్యాసెట్ యాభై ఎనిమిదో నిమిషం దగ్గర పెట్టింది. సైరన్ మోగింది. గొంతు ఆగింది. సైరన్ ఆగింది. గొంతు మొదలైంది.

"సారూ, గీ సైరన్ ఏందో చెప్తరా?"

"సినిమాలదే గదమ్మా. గనిల అలారం."

"మరి మీరెందుకు ఆగిన్రు?"

"గదే సస్పెన్సంటె. జనం ఊపిరి బిగవట్టాలె గద. ఎక్కడ మాట్లాడాలె, ఎక్కడ ఊకోవాలె, గది తెలిసినోడే కళాకారుడు." ఆయన సభ వైపు చూసి నవ్వాడు. సభ కూడా నవ్వింది.

జమున అందరికీ కనబడేలా స్విచ్చు మీద వేలు పెట్టింది. ఈ టేపులో రెండు దారులున్నాయనీ, ఒకదాని మీద తెలుగు గొంతు ఉంటే రెండోదాని మీద కంపెనీవాళ్ళు చేసిన అసలు శబ్దం ఎవరూ ముట్టకుండా ఉందనీ చెప్పింది. స్విచ్చు జరిపి అదే చోటు మళ్ళీ వేసింది. తెర మీద మనిషి నడిచాడు. అడుగుల చప్పుడు. ఇంకేమీ లేదు.

సినిమాలో సైరన్ లేదు.

మధులిక కుర్చీలో ముందుకు జరిగింది. వంశీధర్‌రావు దండ సర్దుకున్నాడు. అయితే బయట ఏదో మోగి ఉంటుందన్నాడు. ఊరన్నాక ఏవేవో మోగుతాయన్నాడు.

జమున అట్ట ముక్క తీసింది. ఒక్కో క్యాసెట్టూ పెట్టి, రాసుకున్న నిమిషం దగ్గర వేసింది. రెండో సినిమా, అరవయ్యో నిమిషం, సైరన్. మూడో సినిమా, నలభై ఏడు, అదే సైరన్. నాలుగోది, ఐదోది. ఐదు వేరువేరు సినిమాలు, ఐదు వేరువేరు రోజులు. ప్రతిసారీ గొంతు వాక్యం మధ్యలో ఆగింది. ప్రతిసారీ సైరన్ ఆగాకే మొదలైంది.

ఐదోసారి సైరన్ మోగినప్పుడు హాలు వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. గేటు వాచ్‌మన్ లోపలికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో టిఫిన్ డబ్బా. అది ఎప్పుడు తీసుకున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

"గది మా బాయి సైరన్ సారూ," అన్నాడు యజమానితో. "మందమర్రిది. మూడు గంటల షిఫ్టుది. ముప్పయ్యేండ్లు గది ఇనే నేను పనికి పోయిన."

వంశీధర్‌రావు ఏదో అనబోయాడు. జమున ఆయనకు ఆ అవకాశం ఇవ్వలేదు, అలాగని గొంతూ పెంచలేదు.

"మందమర్రిల కైలాసం షాపుల మా బాపు రోజు రెండు గంటలకు చెప్పుడు మొదలుపెట్టేటోడు. గంటయితె సైరన్ మోగేది. మీరు సస్పెన్సన్నరు సారూ. గది సస్పెన్స్ కాదు. సైరన్ ఒక్కసారి మోగి ఆగితె షిఫ్టు మారినట్టు. ఆగకుండ మోగితె లోపల మనుషులు చిక్కినట్టు. మా బాపు రెస్క్యూల ఉన్నడు. ఆగుతదా ఆగదా అని విన్నడు. ఆగకపోతె గా మైకు ఆడ వడేసి ఉరకాలె."

ఆమె సంచిలోంచి పలక తీసి మధులికకు ఇచ్చింది. బుధవారం నాటి రాత ఇంకా దాని మీదుంది. 'ఆగకపోతే పోవాలె గద.'

వంశీధర్‌రావు దండ తీసి బల్ల మీద పెట్టాడు. ఆ కాపీ తన కేబుల్‌లో వేసినప్పుడు ఈ గొంతెవరిదని జనం అడిగేవాళ్ళని, మొదట నవ్వి ఊరుకున్నానని, నవ్వితే తనదే అనుకున్నారని, అలా ఇరవై ఏళ్ళు గడిచేసరికి తనకే నమ్మకం కుదిరిందని మైకు లేకుండానే చెప్పాడు. లీలాబాయి ఇంటికి కారు పంపిన సంగతి మాత్రం చెప్పలేదు. జమున అడగలేదు. అవసరం లేదు.

మధులిక ఒప్పందం కాగితాలు తిప్పి, ఖాళీ చోట కలం పెట్టింది. పెట్టె మీద పేరు ఎలా అచ్చు వేయాలని హనుమండ్లును అడిగింది. ఆయన పలక తుడిచి రాశాడు. చెప్పినోడు హనుమండ్లు. ఎక్కించినోడు కైలాసం. ఊరు మందమర్రి.

ఆమె ఇంకొకటి కూడా అడిగింది. శబ్దం శుభ్రం చేసేటప్పుడు బయటి చప్పుళ్ళు తీసేస్తారట. సైరన్ కూడా తీసేయొచ్చా?

హనుమండ్లు గ్లాసు మీద ఒక్కటి కొట్టాడు.

మధులిక జమున వైపు చూసింది. జమున చెప్పబోయేలోపు వాచ్‌మన్ వెనకనుంచి అందుకున్నాడు. "ఆపుమంటుండు మేడం. తియ్యద్దు."

సభవాళ్ళు ఇంకోసారి వినిపించమన్నారు. జమున మొదటి క్యాసెట్ పెట్టి స్విచ్చు అంచు దారికి జరిపింది. పెద్ద తెర మీద ఓరాన్ చందమామ వెలిగింది. హనుమండ్లు గొంతు హాలంతా పరుచుకుంది. గాలి గురించి, దీపం గురించి, ఒంటరిగా లోపలికి పోయేవాడి తెలివి గురించి చెబుతోంది. జనం నవ్వుతున్నారు. సైరన్ మోగింది. గొంతు ఆగింది.

కుర్చీలో హనుమండ్లు తల పైకెత్తాడు. చెంచా పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగింది. పాదాలు నేలను గట్టిగా పట్టుకున్నాయి, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు. వాచ్‌మన్ కూడా అలాగే నిలబడ్డాడు. ఏడు సెకన్లు.

సైరన్ ఆగింది.

హనుమండ్లు గ్లాసు మీద రెండుసార్లు కొట్టాడు. తెర మీద ఆయన గొంతు వదిలిన దగ్గర అందుకుంది.